టాటూ కింద ఆర్టిస్టు సంతకం: పని ఎవరిది, ఒళ్లు ఎవరిది?

బాపు బొమ్మ కింద బాపు సంతకం కనిపించకపోతే తెలుగు పాఠకుడికి ఆ బొమ్మలో ఏదో తక్కువైనట్టే ఉండేది. ఆ అక్షరాల వంపు కూడా బొమ్మ కూర్పులో అంతగా కలిసిపోయింది. కాన్వాసు మూలన చిత్రకారుడు, విగ్రహం పీఠం మీద శిల్పి, అచ్చయిన ఫోటో పక్కన ఫోటోగ్రాఫరు పేరు వేసుకుంటే ఎవరూ అభ్యంతరపెట్టరు సరికదా, పేరు లేకపోతేనే అన్యాయం జరిగిందంటారు. అలాంటప్పుడు నెలల తరబడి విడతలు విడతలుగా ఒకరి వీపు నిండా బొమ్మ దింపిన టాటూ ఆర్టిస్టు, పని పూర్తయిన రోజున అడుగున తన పేరులోని రెండు అక్షరాలు చేర్చుకుంటే తప్పేమిటి? హైదరాబాదులోనూ విశాఖలోనూ టాటూ స్టూడియోలు వింతగా కనిపించే కాలం ఎప్పుడో పోయింది కాబట్టి, ఈ ప్రశ్న ఇప్పుడు మన వీధుల్లోనిది కూడా.

దీని మీద వాదనలు తరచుగా ఎటూ తేలకపోవడానికి కారణం, వేర్వేరు ప్రశ్నలను ఒకే ముడిగా వేసి విప్పడానికి ప్రయత్నించడమే. బొమ్మను సృష్టించినది ఎవరన్నది ఒక ప్రశ్న. ఆ బొమ్మను మరోచోట అచ్చువేసే, అమ్ముకునే హక్కు ఎవరిదన్నది ఇంకొకటి. బొమ్మ నిలిచిన చర్మం మీద నిర్ణయం ఎవరిదన్నది ఈ రెండింటికీ సంబంధం లేని మూడో ప్రశ్న. సంతకాన్ని సమర్థించేవారు మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును మూడోదానికి అతికిస్తారు. వ్యతిరేకించేవారు మూడోదాని జవాబుతో మొదటిదాన్ని కొట్టేస్తారు. నా అభిప్రాయంలో పనిని తనదని చెప్పుకునే హక్కు ఆర్టిస్టుకు పూర్తిగా ఉంది. దాన్ని అవతలివారి ఒంటి మీద చెక్కే హక్కు మాత్రం ఆ ఒళ్లు ఎవరిదో వారు విడిగా ఇస్తే తప్ప పుట్టదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

సంతకం పద్ధతి బాగా పాతుకుపోయిన చోటు జపాను. అక్కడి సంప్రదాయ పచ్చబొట్టులో వీపు, భుజాలు, తొడలు అన్నీ కలిపి ఒకే కూర్పుగా నింపుతారు. అది ఏళ్ల తరబడి సాగే పని, చాలా వరకు ఒకే గురువు చేతి మీదుగా జరిగే పని. ఆ గురువుల పేర్లకు ముందు చెక్కడమన్న అర్థమిచ్చే 'హోరి' చేరుతుంది. యొకొహామాకు చెందిన హోరియోషి మూడవ వారి పేరులోని అంకె, ఆ పేరు వంశనామంలాగా గురుపరంపరలో దిగివస్తోందని చెబుతుంది. పని పూర్తయ్యాక సాధారణంగా బొమ్మలోనే ఒక చిన్న చట్రం వదిలి అందులో ఈ పేరును పొడుస్తారు. ఆ చట్రానికి చోటు మొదటి నుంచే కూర్పులో ఉంటుంది కాబట్టి వేయించుకునే వ్యక్తికి అది అనుకోకుండా వచ్చిపడేది కాదు. ఫలానా గురువు దగ్గర ఇంతకాలం నొప్పి ఓర్చి పూర్తి చేయించుకున్నానని చెప్పుకోవడానికి ఆ పేరు అతనికే కావాలి. జపాను ప్రభుత్వం 1872లో పచ్చబొట్టును నిషేధించి 1948 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించినా ఈ పరంపర తెగలేదు. సంతకాన్ని సమర్థించేవారు జపానును ఉదాహరణగా చూపించడం సబబే, కాకపోతే వారు చూపించని భాగం ఒకటుంది. అక్కడ సంతకానికి బలమిచ్చేది ఆ దీర్ఘమైన సంబంధం. శనివారం సాయంత్రం నడుచుకుంటూ వచ్చి గంటలో మణికట్టు మీద చిన్న పక్షిని వేయించుకుని వెళ్లిపోయే మనిషితో ఆర్టిస్టుకు అలాంటి సంబంధం ఉండదు.

అదే జపానులో ఒంటి మీది బొమ్మకు సంబంధించి కోర్టు దాకా వెళ్లిన తగాదా మన ప్రశ్నకు చాలా దగ్గరది. తన తొడ మీద అవలోకితేశ్వరుడి రూపమైన కన్నోన్ బొమ్మను వేయించుకున్న వ్యక్తి ఒకరు తన జీవితకథను పుస్తకంగా రాసి, ఆ టాటూ ఫోటోను రంగులు మార్చి, వేసిన గురువు పేరు ఎక్కడా చెప్పకుండా అందులో ముద్రించారు. తొడ ఆయనది, కథ ఆయనది, పుస్తకమూ ఆయనదే. అయినా టోక్యో జిల్లా కోర్టు 2011లో, మేధాసంపత్తి హైకోర్టు 2012లో ఆర్టిస్టు పక్షాన నిలిచాయి. సృష్టికర్తగా పేరు చెప్పించుకునే హక్కుకూ, తన కృతిని మార్చకుండా ఉంచమనే హక్కుకూ భంగం కలిగిందని తేల్చాయి. ఇందులో గమనించవలసిన విషయం, ఆ గురువు కోరిన న్యాయం పుస్తకం పుటలకు సంబంధించినది కావడం. పేరు ఉండవలసినది పుటల మీద. తొడ మీద పేరు ఉందా లేదా అన్నదానితో సంబంధం లేకుండానే హక్కు నిలబడింది.

మన వైపు చూస్తే బొమ్మ పొడిచినవారి పేరు ఒంటి మీద మిగిలే ఆనవాయితీ కనిపించదు. తెలుగు పల్లెల్లో సోది చెబుతూ ఊరూరా తిరిగిన ఎరుకల స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. గడ్డం మీద చుక్క, ముంజేతి మీద తేలు, మోచేతి దిగువన దేవుడి పేరో భర్త పేరో, దీపపు మసిని పసరుతో కలిపి సూదులతో దింపి, పాట పాడుతూ నొప్పి మరపించి, ఇచ్చిన గింజలో పైసలో తీసుకుని వెళ్లిపోయేవారు. ఆదిలాబాదు ప్రాంతంలో రాజ్‌గోండుల వంశగాథలు పాడే తోటి సమాజపు స్త్రీలు ఈ పనిలో నేర్పరులు. ఈ పచ్చబొట్లలో పేరంటూ ఉంటే అది ధరించినవారి అనుబంధానికి గుర్తు; చెక్కిన చేతికి గుర్తు ఎక్కడా లేదు. బొమ్మలు కూడా ఒకరి ఊహలో పుట్టినవి కావు, సమాజమంతటికీ చెందిన గుర్తులు కాబట్టి సంతకానికి అక్కడ తావు లేదని అనవచ్చు.

అయితే ఈ అజ్ఞాతాన్ని మరీ మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. పేరు వేసుకోకపోవడం ఎల్లప్పుడూ వినయం వల్ల జరిగినది కాదు. ఎవరి పేరు రాయదగినదని సమాజం అనుకున్నదో వారి పేర్లే మిగిలాయి. హొయసల శిల్పులు బేలూరులోనూ సోమనాథపురంలోనూ విగ్రహాల కింద తమ పేర్లు చెక్కుకున్నారు. మల్లితమ్మ అనే శిల్పి 13వ శతాబ్దంలో చేసిన పనులను ఇవాళ గుర్తుపట్టి చెప్పగలుగుతున్నామంటే ఆ అక్షరాల వల్లనే. 1213 నాటి పాలంపేట ఆలయాన్ని జనం రామప్ప అని పిలుస్తారు, అది శిల్పి పేరేనని నమ్ముతారు. రాతి మీద పని చేసినవారికి పేరు మిగిలే అవకాశం కొంతైనా దొరికింది. ఎరుకల స్త్రీకి గానీ తోటి స్త్రీకి గానీ అలాంటి అవకాశం ఉందని ఎవరికీ తోచనే లేదు. నేటి టాటూ ఆర్టిస్టు తన పేరు కోసం పట్టుబడుతున్నాడంటే, ఈ పని కూడా కళేనని ఒప్పించే పాత బాకీ ఒకటి అందులో ఉంది. సంతకం వద్దనేవారు ఆ బాకీని లేదనకూడదు.

ఇక చట్టం విషయం. భారత కాపీరైట్ చట్టం, 1957లో టాటూ అన్న మాట లేదు. కానీ సెక్షన్ 2(సి) చిత్రలేఖనం, రేఖాచిత్రం, శిల్పం, చెక్కడం, ఫోటో వంటివాటిని, వాటికి కళాత్మక విలువ ఉన్నా లేకున్నా, కళాకృతులుగా గుర్తిస్తుంది. సొంత ఊహతో గీసిన బొమ్మ కాగితం మీదున్నా, ఐప్యాడ్ తెర మీదున్నా, మోచేతి మీదున్నా గీసినవారి సృష్టి కాకుండా పోవడానికి ఈ నిర్వచనంలో కారణం కనిపించదు. గోడకు వేలాడదీసిన నమూనాల్లోంచి ఎంచుకున్న లంగరు గుర్తుకూ, ఇంటర్నెట్‌లో దొరికిన సింహం తలకూ ఈ మాట వర్తించదు. వాటిని యథాతథంగా దింపిన ఆర్టిస్టుది చేతినైపుణ్యమే తప్ప సృష్టి కాదు. అలాంటి బొమ్మ కింద సంతకం చేయడమంటే, అసలు గీసినవారెవరో వారి పనిని తనదని ప్రకటించుకోవడమే. సంతకాల చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తని ఇబ్బంది ఇదే. స్టూడియోల్లో రోజూ జరిగే పనిలో ఎంత భాగం సొంత రూపకల్పనో ఆర్టిస్టులకే బాగా తెలుసు.

సొంత రూపకల్పనే అనుకుందాం. అప్పుడు కూడా కాపీరైట్ ఎవరిదన్నది తేలిక ప్రశ్న కాదు. డబ్బిచ్చి కోరి ఫోటో తీయించుకున్నా, చిత్రమో రూపచిత్రమో గీయించుకున్నా, చెక్కడం పని చేయించుకున్నా, వేరే ఒప్పందం లేనప్పుడు చేయించుకున్నవారే కాపీరైట్‌కు తొలి యజమాని అవుతారని సెక్షన్ 17 అంటుంది. టాటూను ఈ కోవలో చేర్చితే, ఏ కాగితమూ రాసుకోని సందర్భంలో యాజమాన్యం వేయించుకున్న మనిషికే పోతుంది. స్టూడియోల్లో చాలామంది దీనికి సరిగ్గా తలకిందులుగా అనుకుంటారు. అయితే సెక్షన్ 57 యాజమాన్యంతో నిమిత్తం లేకుండా సృష్టికర్తకు నైతిక హక్కులనే రెండు ప్రత్యేక హక్కులు ఇస్తుంది: ఇది నా కృతి అని చెప్పుకోవడం, తన పరువుకు భంగం కలిగేలా ఆ కృతిని వికృతం చేస్తే అడ్డుకోవడం లేదా నష్టపరిహారం కోరడం. కాపీరైట్ మొత్తం వేరొకరికి రాసిచ్చిన తరువాత కూడా ఇవి పోవు.

సంతకాన్ని చట్టం పూర్తిగా పట్టించుకోకుండా వదిలేసిందని కూడా అనలేము. కళాకృతి తయారైన సమయంలో దాని మీద ఎవరి పేరు ఉందో, ఉల్లంఘన వ్యాజ్యాల్లో వారినే సృష్టికర్తగా భావించాలని, కాదనేవారే రుజువు చూపాలని సెక్షన్ 55 చెబుతుంది. కాబట్టి అడుగునున్న రెండు అక్షరాలకు కోర్టులో బరువు ఉంది. రుజువు భారాన్ని అవి ఎదుటివారి మీదికి నెట్టగలవు. సంతకం వద్దనేవారు దీన్ని మరచిపోయి, అది కేవలం అహంకారమని తేల్చేస్తారు. కానీ ఈ లాభం పొందడానికి చర్మం ఒక్కటే దారి కాదు. తేదీ ఉన్న నమూనా గీతలు, దాని మీద సంతకం, ఇద్దరూ సంతకం పెట్టిన అంగీకార పత్రం, పని జరుగుతుండగా తీసిన ఫోటోలు చాలా సందర్భాల్లో అంతకంటే గట్టి సాక్ష్యం. ఒంటి మీది సంతకాన్ని ఎవరైనా అనుకరించి పొడవగలరు. తేదీలతో సహా ఉన్న కాగితాల కట్టను పుట్టించడం కష్టం.

సెక్షన్ 57 ఒంటి దాకా వస్తే ఏమవుతుందో ఊహించడానికి రెండు ఢిల్లీ హైకోర్టు తీర్పులు పనికొస్తాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ విజ్ఞాన్ భవన్‌ కోసం చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో ఊడదీసి గోదాములో పడేసింది. 2005లో కోర్టు శిల్పి నైతిక హక్కును నిలబెట్టి, మిగిలిన భాగాలను తిరిగి ఇమ్మని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ఆదేశించింది. ప్రగతి మైదానంలోని హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చినప్పుడు దాని వాస్తుశిల్పి రాజ్ రేవల్ అదే హక్కును ఆశ్రయిస్తే, 2019లో కోర్టు ఒప్పుకోలేదు. కట్టడం యజమాని తన ఆస్తిని పూర్తిగా తొలగించడాన్ని నైతిక హక్కు ఆపజాలదని, కట్టడమే లేనప్పుడు దాన్ని చూసి పరువు తక్కువైందనడానికి ఏమీ మిగలదని ఆ తీర్పు సారాంశం. స్థలం యజమానికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు, శరీరం యజమానికి అంతకంటే తక్కువ ఉంటుందని వాదించడం అసంభవం. లేజరుతో తీయించుకోవడం, పైన ఇంకో బొమ్మ వేయించుకోవడం, సూర్యరశ్మిలో వెలవెలబోనివ్వడం పూర్తిగా ధరించిన మనిషి ఇష్టం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ప్రకటించినప్పుడు, తన శరీరం మీద తన నిర్ణయాన్ని కూడా అందులో భాగంగానే చూసింది.

ఇక్కడి నుంచి కాపీరైట్ చట్టం వెనక్కి తగ్గి శిక్షాస్మృతి ముందుకు వస్తుంది. సూదితో చర్మాన్ని పొడవడం మామూలుగా అయితే గాయపరచడమే. దాన్ని నేరం కాకుండా చేస్తున్నది ఒక్క అంగీకారమే. 18 ఏళ్లు నిండిన వ్యక్తి సమ్మతితో, ప్రాణహాని గానీ తీవ్ర గాయం గానీ ఉద్దేశించకుండా చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 25 అంటుంది. సమ్మతి ఇచ్చినది దేనికన్న ప్రశ్న ఇక్కడ ప్రాణం. గరుడపక్షికి ఇచ్చిన సమ్మతి గరుడపక్షికే. దాని గోళ్ల కింద పొడిచిన ఆర్టిస్టు పేరుకు అది వర్తిస్తుందని చెప్పలేము. ఈ తర్కం అతిగా అనిపిస్తే బ్రిటన్‌లో జరిగినది గుర్తుచేసుకోవచ్చు. సైమన్ బ్రామ్‌హాల్ అనే కాలేయ మార్పిడి శస్త్రవైద్యుడు 2013లో బర్మింగ్‌హామ్‌లో ఇద్దరు రోగుల కాలేయాల మీద తన పేరులోని తొలి అక్షరాలను కాల్చి ముద్రించాడు. అవయవం పనితీరుకు అది హాని చేసేది కాదు, రోగికి ఎప్పటికీ కనిపించేదీ కాదు. అయినా అది దాడి నేరమేనని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది, కోర్టు 2018లో 10,000 పౌండ్ల జరిమానా వేసింది, 2022లో వైద్యుల జాబితా నుంచి పేరు తొలగించారు. ఎంత గొప్ప పని చేసిన చెయ్యి అయినా, ఎంత చిన్న గుర్తయినా, అడగకుండా మరొకరి ఒంటి మీద పేరు పెట్టడాన్ని న్యాయం ఎలా చూస్తుందో ఇది చెబుతుంది.

అడగడమంటే ఏమిటన్నది స్టూడియోలో పని జరిగే తీరును బట్టి తేలుతుంది. బొమ్మ ఖరారయ్యాక దాన్ని స్టెన్సిల్ కాగితం మీదికి ఎక్కిస్తారు. చర్మం మీద వెంట్రుకలు గొరిగి, శుభ్రం చేసి, ద్రవం రాసి, ఆ కాగితాన్ని అద్ది తీయగానే ఊదారంగు గీతలు ఒంటి మీద అచ్చుపడతాయి. కస్టమరు అద్దం ముందు నిలబడి, చెయ్యి తిప్పి, భుజం ఎత్తి చూసుకుని, ఇంకాస్త పైకి జరపమనో సరేననో చెబుతాడు. నచ్చకపోతే ఆ గీతలను తుడిచేసి మళ్లీ అద్దుతారు. నిజమైన సమ్మతి పుట్టేది ఆ అద్దం ముందే. సంతకం ఆ ఊదా గీతల్లో కనిపిస్తే కస్టమరు దాన్ని చూసి ఒప్పుకున్నట్టు. నాలుగు గంటలు సూది పడ్డాక, బోర్లా పడుకున్న మనిషి వీపు మీద యంత్రంతో స్టెన్సిల్ లేకుండా నేరుగా చేర్చితే ఒప్పుకోనట్టు. "చివర్లో చిన్న గుర్తు పెట్టేదా?" అని ఆ దశలో అడిగినా లాభం తక్కువే. నొప్పితో అలసిపోయి, ఎదుటివారి చేతిలో సూది ఉండగా, ఇంకా చెల్లించవలసిన సొమ్ము ఉండగా కాదనడం ఎవరికైనా కష్టం. స్టూడియోల అంగీకార పత్రాల్లో వయసు, అలర్జీలు, చక్కెర వ్యాధి, పుండు మానేవరకు తీసుకోవలసిన జాగ్రత్తలు ఉంటాయి. సంతకం వేసే అలవాటున్న ఆర్టిస్టు దానికి కూడా అందులో ఒక గడి పెట్టడం కష్టమైన పనేమీ కాదు.

సమ్మతి ఉన్నా సంతకం మంచి ఆలోచనేనా అన్నది వేరు సంగతి, దానికి కొన్ని ముతక కారణాలు అడ్డొస్తాయి. సిరా చర్మపు లోపలి పొరలో నిలుస్తుంది గానీ గీత అంచు ఏళ్లు గడిచేకొద్దీ కొంత పాకుతుంది. పెద్ద బొమ్మలో అది తెలియదు, చిన్న అక్షరాల లోపలి ఖాళీలు మాత్రం పూడుకుపోయి మచ్చలా మిగులుతాయి. చదవగలిగేంత పెద్దగా వేస్తే బొమ్మతో పోటీ పడుతుంది, బొమ్మకు లోబడేంత చిన్నగా వేస్తే కొన్నాళ్లకు చదవరాదు. ఇక ఉద్యోగాల సంగతి. కేంద్ర సాయుధ పోలీసు దళాల నియామక వైద్య పరీక్షల్లో టాటూలకు కఠిన నియమాలున్నాయి. మత చిహ్నాలు, పేర్లు వంటివి, సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలి వైపున గానీ చేతుల వెనుక భాగాన గానీ, ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ పరిమాణంలో ఉంటేనే చెల్లుతాయి. మన జిల్లాల నుంచి ఏటా ఆ పరీక్షలకు వెళ్లే కుర్రవాళ్లకు ఆంజనేయుడి బొమ్మ వరకు సమర్థించుకోవడం తెలుసు. పక్కన తెలియని రెండు ఇంగ్లీషు అక్షరాలు ఎవరివని అడిగితే ఏం చెప్పాలో మాత్రం తెలియదు. ఆ ఇబ్బందిని అతనికి అంటగట్టడం ఎందుకు?

పని ఒక్కరిదే కానప్పుడు సంతకం మరింత చిక్కు తెస్తుంది. ఐదేళ్ల క్రితం ఒకరు వేసిన చేతి నిండు బొమ్మకు ఇంకొకరు రంగులు తాజా చేస్తారు, మూడోవారు భుజం వరకు పొడిగిస్తారు. మొదటివారి పేరు అడుగున ఉండిపోతే, తరువాతివారి తప్పులు కూడా వారి ఖాతాలోనే పడతాయి. కృతి వికృతమైతే పరువు పోతుందని భయపడే ఆర్టిస్టుకు, తాను కాపాడుకోలేని చోట పేరు వదిలిరావడం కంటే పెద్ద ప్రమాదం లేదు. బరువు పెరిగి తగ్గే, ముడతలు పడే, ఎండలో తిరిగే ఉపరితలం అది. పాశ్చాత్య టాటూ దుకాణాల్లో గోడ మీది నమూనా కాగితాలకు సంతకాలు పెట్టి, చర్మానికి పెట్టకుండా వదిలేసిన పాత పద్ధతిలో వృత్తి తెలివి కొంత దాగి ఉందని నాకనిపిస్తుంది.

డబ్బు ప్రవేశించిన చోట్ల కథ ఎలా మారుతుందో అమెరికా కేసులు చూపిస్తాయి. మైక్ టైసన్ ముఖం మీది టాటూను 2003లో వేసిన విక్టర్ విట్‌మిల్, అదే బొమ్మను ఒక హాస్య చిత్రంలో మరో నటుడి ముఖం మీద పెట్టినందుకు 2011లో వార్నర్ బ్రదర్స్ మీద దావా వేశాడు. సినిమా విడుదలను ఆపడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు గానీ విట్‌మిల్ వాదనకు గెలిచే బలం ఉందన్నారు. తరువాత వ్యవహారం రాజీతో ముగిసింది. ఆయన చేతిలోని ఆయుధం, టాటూ బొమ్మల మీద హక్కు స్టూడియోదేనని టైసన్ సంతకం చేసిన కాగితం. వీడియో గేముల్లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల టాటూలు చూపించడం మీద వచ్చిన కేసులో 2020లో న్యూయార్క్ కోర్టు గేము కంపెనీ వైపు తీర్పిచ్చింది. ఆటగాడి ఒంటి మీద బొమ్మ వేసినప్పుడే, అతని రూపంతో పాటు ఆ బొమ్మను చూపించుకునే అనుమతి కూడా అంతర్లీనంగా ఇచ్చినట్టేనని చెప్పింది. వీడియో గేములో చూపించిన మల్లయోధుడు రాండీ ఆర్టన్ టాటూల విషయంలో 2022లో ఇల్లినాయ్ జ్యూరీ ఆర్టిస్టు పక్షాన 3,750 డాలర్లు ఇవ్వమంది. ఒకే దేశపు కోర్టులు ఇలా వేర్వేరు దారులు పట్టాయి. ఏ కేసులోనూ చర్మం మీద సంతకం ఉండటమో లేకపోవడమో ఫలితాన్ని తేల్చలేదు.

సంతకమే ఫలితాన్ని తేల్చిన సందర్భం ఒకటుంది, అది కళా సంతలో జరిగింది. బెల్జియం కళాకారుడు విమ్ డెల్వోయ్ రూపకల్పనతో టిమ్ స్టైనర్ అనే స్విట్జర్లాండు వాసి వీపు నిండా టాటూ తయారైంది. నడుము దగ్గర కళాకారుడి సంతకం ఉంది. 2008లో దాన్ని ఒక జర్మన్ కళాఖండాల సేకరణకర్త 1,50,000 యూరోలకు కొన్నాడు. స్టైనర్ ఏడాదికి కొన్నిసార్లు ప్రదర్శనశాలల్లో వీపు చూపిస్తూ కూర్చోవాలి, ఆయన మరణించాక ఆ చర్మం కొన్నవారికి చెందుతుంది. ఆ అమ్మకంలో స్టైనర్‌కు వాటా ఉంది, ఒప్పందం ఉంది, తెలిసి దిగిన మనిషి ఆయన. సంతకం లేకపోతే ఆ వీపుకు ఆ ధర రాదు. సంతకం ఒంటిని ఎంత దూరం తీసుకువెళ్లగలదో దాని చివరి అంచు ఇది. మామూలు కస్టమరు అటు వైపు ఒక్క అడుగు కూడా వేయడం లేదు. అతను బొమ్మ కొనుక్కోవడానికి వచ్చాడు, తాను ఒకరి సేకరణలో వస్తువు కావడానికి రాలేదు.

ఆర్టిస్టుకు నిజంగా తగిలే దెబ్బ చర్మం మీద పేరు లేకపోవడం వల్ల కాదు. ఫోటోలు పేరు లేకుండా తిరగడం, మూలన వేసిన పేరును కత్తిరించి వేరే స్టూడియో తన పనిగా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడం, రూపకల్పనను ఇంకో ఊరిలో మక్కికి మక్కిగా దింపేయడం, జీవనానికి నష్టం కలిగేది వీటి వల్ల. ఒంటి మీది సంతకం వీటిలో దేన్నీ ఆపదు. ఫోటోలో అడుగుభాగాన్ని కత్తిరిస్తే అది కూడా పోతుంది, నకలు దింపేవాడు దాన్ని వదిలేస్తాడు. అందుచేత టాటూ వేయించుకున్నవారు ఫోటో పెట్టినప్పుడల్లా వేసినవారి పేరు చెప్పడం మర్యాద స్థాయిని దాటిన బాధ్యతని నేను అనుకుంటాను. పెళ్లి ఫోటోలకు ఫోటోగ్రాఫరు పేరు, చీరకు దుకాణం పేరు గుర్తుపెట్టుకుని చెప్పే మనం, జీవితాంతం మోసే బొమ్మ వేసినవారి పేరు మరచిపోవడం ఏం బాగుంటుంది? స్టూడియో కూడా కస్టమరు ఫోటో పెట్టే ముందు ఒక మాట అడగాలి, ఎందుకంటే అక్కడ కనిపించేది తన పని ఒక్కటే కాదు.

కొందరు ఆర్టిస్టులు సంతకానికి ఒప్పుకుంటే ధర తగ్గిస్తామంటారు. దాన్ని ప్రకటన ఒప్పందంగా చూస్తే తప్పు లేదు, కానీ అప్పుడు లెక్కలూ ప్రకటన లెక్కలే కావాలి. ఒకసారి ఇచ్చే తగ్గింపుకు బదులుగా నలభై, యాభై ఏళ్లు ఒంటి మీద ఉండే ప్రచారం అడుగుతున్నారన్నది ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఆ స్టూడియో రేపు మూతపడవచ్చు, ఆ ఆర్టిస్టు పేరు ఇంకేదో వివాదంలో చెడిపోవచ్చు. కస్టమరు చర్మం మాత్రం ఆ పేరుతోనే తిరుగుతుంది. పూర్తి సొంత రూపకల్పన, పెద్ద కూర్పు, దీర్ఘకాలం సాగిన పని, వేయించుకునేవారే "మీ గుర్తు ఉండాలండీ" అని అడిగిన సందర్భం కలిసి వస్తే సంతకం అందంగానే ఉంటుంది. అప్పుడు దాని చోటు, పరిమాణం బొమ్మతో పాటు కాగితం మీదే తేలాలి, కస్టమరుకు కనీసం ఒక రాత్రి ఆలోచించుకునే వ్యవధి ఉండాలి. మిగిలిన అన్ని సందర్భాల్లోనూ ఆర్టిస్టు అడగకపోవడమే మంచిది, అడగకుండా వేయడం సంగతి చెప్పనక్కర్లేదు.

ఒప్పుకుని వేయించుకున్న సంతకాన్ని కస్టమరు ఏడేళ్ల తరువాత ఒక్కదాన్నే లేజరుతో తీయించుకుంటే? ఆర్టిస్టుకు బాధ కలుగుతుంది, ఫిర్యాదుకు మాత్రం తావుండదు. బొమ్మ తనదని చెప్పుకునే హక్కు అప్పటికీ చెక్కుచెదరదు. తన దగ్గరున్న నమూనాలో, ఫోటోల్లో, స్టూడియో గోడ మీద, ఆ బొమ్మ గురించి ఎవరు అడిగినా చెప్పే మాటలో అది అలాగే ఉంటుంది, అందుకు ఎవరి అనుమతీ అవసరం లేదు.